విత్తుకు ముందు విరామం

అరకు కొండల్లో కాఫీ కోత, పర్యాటకుల తాకిడి ఒకేసారి వచ్చి పడతాయి. చిన్న వ్యాపారి ఒళ్లు హూనమయ్యేదీ అప్పుడే. ఎప్పుడు ఆగాలో, ఆగి ఏం చూసుకోవాలో ఈ కొండల్లో సేద్యం చేసేవాళ్లకు ఏనాడో తెలుసు. ఆ తెలివిడి ఇప్పుడు బడ్డీకొట్టుకూ హోమ్‌స్టేకూ కావాలి.

డిసెంబరులో ఏ శనివారమైనా సరే, అనంతగిరి ఘాట్‌రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉంటాయి. విశాఖ నుంచి కిరండూల్ రైలులో అద్దాల బోగీ ఎక్కి వచ్చినవాళ్లు బొర్రా గుహల దగ్గర కొందరు, అరకులో కొందరు దిగుతారు. మాడగడ మేఘాల కొండ చూసేవాళ్లు సూర్యుడు పొడవకముందే పైకి చేరాలి. అంటే దారిలోని టీ బడ్డీ తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాలి. రాత్రి చలిమంట చుట్టూ కూర్చున్నవాళ్లు లేచేదాకా హోమ్‌స్టే ఇల్లాలికి నిద్ర ఉండదు.

బొంగులో చికెన్ బడ్డీనే దగ్గర నుంచి చూడండి. ఒకసారి కాల్చిన బొంగు మళ్లీ పనికిరాదు, పచ్చి వెదురు రోజూ కావాలి. ఒక పక్క కణుపు ఉండేలా కోయాలి, లోపల కడగాలి. మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెట్టాక అక్కడి నుంచి కదలడానికి లేదు. అన్ని పక్కలా సమంగా కాలేలా తిప్పుతూనే ఉండాలి. ఈలోగా ‘అన్నా, ఇంకెంతసేపు?’ అని నలుగురు అడుగుతారు. ఫోన్‌పే డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవాలి. ఆ పక్కనే చంటిపిల్ల ఏడుస్తుంటుంది. కోసేదీ, కాల్చేదీ, వడ్డించేదీ, లెక్క చూసేదీ అదే ఇంటి మనుషులు.

టిఫిన్ వేళకే దాటే గీత

ఉదయం అయిదు నుంచి రాత్రి పది దాకా కొట్టు తెరిచి ఉంచితే రోజుకు 17 గంటలు. మూడు రోజులకే 51 అవుతాయి. నాలుగో రోజు టిఫిన్ వేళకి 55 గంటలు నిండిపోతాయి. ఈ 55 కి ఒక ప్రత్యేకత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం వెలువరించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని, గుండెకు రక్తం అందని జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అది తేల్చింది. ఆఫీసు ఉద్యోగి వారమంతా కూర్చున్నా చేరని ఆ గీతను మన బడ్డీ యజమాని సగం వారంలోనే దాటేస్తున్నాడు.

‘బర్నౌట్’ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల వర్గీకరణలో చేర్చింది. జబ్బుగా కాదు, పని వల్ల వచ్చే స్థితిగా. దానికి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ అయిపోవడం, చేసే పని మీద విసుగు పుట్టడం, ఎంత చేసినా సరిగా చేయలేకపోవడం. సీజన్ ఆఖరికి కొండమీది కొట్లలో ఈ మూడూ కనిపిస్తాయి. సంక్రాంతి ముందు నవ్వుతూ పలకరించిన మనిషే జనవరి చివరికి ‘ఉంటే తినండి, లేకపోతే లేదు’ అంటాడు. మనిషి చెడ్డవాడై కాదు, ఒంట్లో ఓపిక లేక.

ఒకే ఇంట్లో రెండు సీజన్లు

పట్నంలో హోటల్ నడిపేవాడికి హోటలే పని. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో అలా కుదరదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ తోటలు రెండు లక్షల ఎకరాలకు పైగా ఉన్నాయి. చాలావరకు ఎకరం, రెండెకరాల గిరిజన రైతులవే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోత. పర్యాటకులు పోటెత్తేదీ ఆ నెలల్లోనే. పగలు పండు కోసిన చేతులే సాయంత్రం పల్పర్ తిప్పాలి. కోసిన పండును ఆలస్యం చేయకుండా తొక్క తీయకపోతే పులిసి, గింజ రుచి చెడుతుంది. తర్వాత కడగాలి, ఆరబెట్టాలి, మంచు పడే వేళకు కప్పాలి. ఆ ఇంటివాళ్లే రోడ్డు పక్కన కొట్టు పెట్టుకున్నా, రెండు గదులు అద్దెకిచ్చినా చెప్పేదేముంది?

‘సీజన్ నాలుగు నెలలేగా, ఆ తర్వాత ఖాళీయే’ అనుకుంటాం. ఖాళీ నిజమే, అది తీరిక కాదు. జూన్ నుంచి వానలు మొదలవుతాయి, గిరాకీ పడిపోతుంది, డ్వాక్రా అప్పు వాయిదా మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది. సీజన్‌లో ఒళ్లు అలిసిపోతే వానాకాలంలో మనసు అలిసిపోతుంది. విశ్రాంతి తీసుకోవాల్సిన నెలలు దిగులుతో గడిచిపోతాయి.

కాఫీ మొక్క నేర్పే లెక్క

ఈ చిక్కుకు జవాబు ఆ ఇంటి పెరట్లోనే ఉంది. అరబికా మొక్క తన శక్తికి మించి కాస్తే ఉన్న బలమంతా కాయలకే పోతుంది. కొమ్మలు చివర్ల నుంచి ఎండుకొస్తాయి, వేర్లు దెబ్బతింటాయి. ఆ ఏడాది విరగకాసిందని మురిసిపోయిన రైతుకు మరుసటి ఏడాది కోయడానికి ఏమీ మిగలదు. అందుకే కోత అయిపోగానే కొమ్మలు కత్తిరిస్తారు, నీడ సరిచేస్తారు. ముసలి మొక్క అయితే మోకాలి ఎత్తుకు నరికేసి కొత్త చిగురును పెంచుతారు. అలా నరికాక మళ్లీ కాపు చూడటానికి రెండు మూడేళ్లు ఆగాలి.

ఇంకో సంగతి ఉంది. పూమొగ్గ విచ్చుకోవాలంటే ముందు కొన్నాళ్లు పొడి వాతావరణంలో అది నిద్రపోవాలి. ఆ తర్వాత మార్చి, ఏప్రిల్‌లో పడే వానకు తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. ఆ ఎండు విరామం లేకపోతే పూత ముందూవెనకా అవుతుంది, కాయ ఒక్కసారి పండదు, కోత ఖర్చు పెరుగుతుంది. చిన్న వ్యాపారానికీ ఇదే వర్తిస్తుంది. విరామం లేకుండా వచ్చిన రాబడి వచ్చే ఏడాది రాబడిని ముందే తినేస్తుంది.

2025లో అరకు ప్రాంతంలో బెర్రీ బోరర్ అనే కాయతొలుచు పురుగు బయటపడింది. పురుగు పట్టిన తోటల్లో కాయలు కోయించి, మరిగే నీళ్లలో ముంచి, గోతుల్లో పూడ్పించారు. చేతికొచ్చే పంటను చేతులారా పూడ్చడం ఏ రైతుకైనా కడుపుకోతే. అయినా అది తోటను కాపాడుకోవడానికి వేసిన వెనకడుగు. ఈ ఏడాది కాయ కంటే పదేళ్ల మొక్క ముఖ్యం.

ఎక్కువ అమ్మడం మాని, మంచిది అమ్మి

వెనకడుగు వేసి నిలదొక్కుకున్న వ్యాపారం కోసం వేరేచోట వెతకనక్కరలేదు. అరకు కాఫీయే ఉంది. మన్యంలో కాఫీ కథ 1898లో పాములేరు లోయలో మొదలైందంటారు. పోడుకు బదులుగా గిరిజనులకు కాఫీ తోటలు ఇచ్చాక అది ఇంటింటి పంట అయింది. కానీ చాలాకాలం ఎర్ర పండు, పచ్చి కాయ కలిపి ఒకేసారి దూసేవారు. మట్టి నేల మీదే ఆరబోసేవారు. దళారి చెప్పిందే ధర. ఊరూ పేరూ లేకుండా గింజ కొండ దిగిపోయేది.

నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు పరస్పర సహాయక సహకార సంఘంగా ఏర్పడి, 2007లో దాన్ని రిజిస్టర్ చేయించుకున్నారు. ఇంకా ఎక్కువ ఎలా పండించాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఉన్నదాన్ని ఎంత బాగా పండించాలన్నది చూశారు. నేలకు సేంద్రియ ఎరువు, చెట్టుకు నీడ, కోతలో పండిన పండు మాత్రమే. పండిందే కోయాలంటే ఒకే మొక్క దగ్గరికి నాలుగు సార్లు తిరగాలి. ఒకేసారి దూసే అలవాటున్నవాళ్లకు అది నష్టంలాగే కనిపిస్తుంది. ఫలితం నెమ్మదిగా వచ్చింది. 2017లో ‘అరకు’ పేరుతో ప్యారిస్‌లో దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, తన సొంత బ్రాండుతో అరకు కాఫీని ఊరూరా అమ్ముతోంది. ముందుగా ధర ప్రకటించి రైతు దగ్గర కొంటోంది.

ఇది అలసట తీర్చుకోవడానికి వేసిన అడుగు కాదు, నిజమే. అయినా కొట్టు నడిపే ప్రతివాళ్లకూ ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆగి దారి మార్చుకోవాలంటే ముందుగా ఏదో ఒకటి వదులుకోవాలి. వదులుకోకుండా తీసుకునే విరామం నిద్రకు సరిపోతుంది, వ్యాపారానికి సరిపోదు.

పండుగ పెట్టిన హద్దు

చైత్రంలో మన్యం ఊళ్లు ఇటుకల పండుగ చేసుకుంటాయి. అది విత్తనాల పండుగ. విత్తే రోజులు రాకముందే ఊరంతా పొలం పని ఆపేస్తుంది. విత్తనాలు దేవుడి దగ్గర పెట్టి పూజ చేస్తారు. మగవాళ్లు వేటకు పోతారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఊరుకోరు, ఆటపట్టించి వదులుతారు. దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బండ్ల దగ్గర పండుగ డబ్బులు వసూలు చేస్తారు. రాత్రి థింసా ఆడతారు.

ఈ పండుగలో రెండు ఏర్పాట్లు గమనించాలి. ఒకటి, ఒళ్లు పడిపోయాక ఆగడం కాదు, పని మొదలెట్టకముందే ఆగడం. రెండు, ఒక ఇల్లు ఆగడం కాదు, ఊరంతా ఆగడం. నేటి కొట్టు యజమానికి ఆ రెండోదే అసలు అడ్డంకి. మంగళవారం నేను మూసేస్తే గిరాకీ పక్క బడ్డీకి పోతుందన్న భయంతో ఎవరూ మూయరు. అందరూ తెరిచే ఉంచుతారు, అందరూ అలిసిపోతారు. భయం నిజమైనదే కాబట్టి ‘ధైర్యంగా మూసెయ్’ అని ఒక్కడికి చెప్పి లాభం లేదు. వరసలో ఉన్న పది కొట్లు కూర్చుని, వారంలో ఎవరు ఏ రోజు మూయాలో వంతులు వేసుకోవాలి. మాట్లాడుకునే వేదిక కొత్తగా పుట్టించక్కర్లేదు. డ్వాక్రా సంఘాలున్నాయి. ఇరవై మంది చొప్పున పదిహేను సంఘాలు కలిసేలా 2018లో రూపొందించిన వన్‌ధన్ వికాస కేంద్రాలున్నాయి. అప్పుల గురించి మాట్లాడే సమావేశంలో సెలవు గురించి కూడా ఒక మాట అనుకుంటే చాలు.

వాన నెలల్లో చూసుకోవాల్సినవి

మొదటిది, ఏది తీసేయాలి? గోడ మీద రాసిన ఇరవై వంటకాల్లో నిజంగా అమ్ముడయ్యేవి అయిదారే ఉంటాయి. మిగిలినవి సరుకు పాడుచేసి, వంటింటి మనిషిని నిలబెట్టేవే. వాటిని తీసేస్తే రోజుకు గంటో రెండు గంటలో కలిసొస్తాయి. కొండమీద ఇంకో నాలుగు డేరాలు వేద్దామన్న ఆలోచనకు ముందే ఈ లెక్క తేలాలి.

రెండోది, ఏ పని నేనే చేయాలి? మసాలా కలపడం నా చేతి గుణం కావచ్చు. బొంగులు కోయడం, గిన్నెలు తోమడం, గదులు ఊడవడం కాదు. ఆ పనికి ఊళ్లో ఒకరిని సీజన్‌కి పెట్టుకుంటే కూలి ఖర్చు పెరుగుతుంది, మనిషి మిగులుతాడు.

మూడోది, వాయిదా డబ్బు. ఉదాహరణకు నెలకు 6,000 రూపాయల చొప్పున నాలుగు వాన నెలలకు 24,000 కావాలనుకోండి. సీజన్‌లో పన్నెండు వారాలు, వారానికి 2,000 పక్కన పెడితే సరిపోతుంది. ఆ డబ్బు విడిగా ఉంటే వానాకాలం దిగులు సగం తగ్గుతుంది. 

సెలవు రోజును దసరాకు ముందే రాసుకోవాలి. డిసెంబరు గిరాకీ మధ్యలో ఎవరూ రాసుకోలేరు.

ఇక మనలాంటి పర్యాటకుల సంగతి. ఆ పదిహేడు గంటల రోజులో మన వంతూ ఉంది. అందరం శనివారం వెళ్లి, ఆదివారం సాయంత్రానికి దిగిపోతాం. ఈసారి అరకు వెళితే మంగళవారమో బుధవారమో వెళ్లండి. ఘాట్‌రోడ్డు బాగుందని తెలుసుకుని వాన నెలల్లో కూడా ఒకసారి వెళ్లండి. బొంగు కాలే దాకా తొందర పెట్టకండి. బడ్డీ మూసి కనిపిస్తే విసుక్కోకుండా పక్క కొట్టుకు వెళ్లండి. ఆ రోజు సెలవు ఆ కొట్టు వంతు అనుకోండి.