నీడకు కట్టిన వెల

తెలుగునాట నీడ ఒక అనుగ్రహం. దిక్కులేని వానిని నిలువ నీడ లేనివాడంటారు; ఆదుకొన్న వానిని నీడనిచ్చినవాడంటారు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో సంగతి వేరు. పసిఫిక్ సముద్రం మీదినుండి పొగమంచూ చలిగాలీ వచ్చిపడే ఆ ఊరిలో ఎండయే భాగ్యం. అందుచేత ఆ పౌరులు 1984లో ఓటువేసి ఎండకు ఒక శాసనాన్నే కల్పించుకొన్నారు. 40 అడుగులకు మించిన కొత్త కట్టడమేదీ నగర ఉద్యానవనాలపై, సూర్యోదయమైన గంట తరువాతనుండి సూర్యాస్తమయానికి గంట ముందువరకు, ప్రజల వినియోగానికి భంగం కలిగించే నీడ వేయరాదన్నది దాని సారాంశం. 1989లో నగర నడిబొడ్డున ఉన్న 14 పార్కులకు అదనపు నీడ ఎంతవరకు చెల్లునో హద్దులు కూడా నిర్ణయించినారు.

ఈ శాసనానికి గట్టి పరీక్ష 2012లో వచ్చినది. మార్కెట్ వీధికి దక్షిణాన 1939లో తెరిచిన ట్రాన్స్‌బే టెర్మినల్ ఉండేది. వంతెన మీదుగా అఖాతం దాటివచ్చే విద్యుత్ రైళ్ల కోసం కట్టిన ఆ భవనం, 1958లో ఆ రైళ్లు ఆగిపోయిన పిమ్మట బస్సుల స్టేషనుగా మిగిలినది. 1989 నాటి భూకంపం దానిని దెబ్బతీసినది. 2010లో దానిని కూల్చి, పైన బస్సులకూ భూగర్భంలో రైళ్లకూ చోటుండే కొత్త కేంద్రాన్ని కట్టసాగినారు. దానికి అపారమైన ధనం కావలెను. చుట్టుపట్ల భవనాల ఎత్తుపై ఉన్న పరిమితులను సడలించి, ప్రభుత్వ భూములను అమ్మి, కొత్త కట్టడాలనుండి రుసుములూ పన్నులూ రాబట్టుట నగరపాలకులు ఎంచుకొన్న ఉపాయం. ఎత్తు పెరిగినకొద్దీ రాబడి పెరుగుతుంది. రాబడితోపాటు నీడా పెరుగుతుంది. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

కాలిఫోర్నియా రాష్ట్రంలో 1970లో వచ్చిన పర్యావరణ చట్టం ప్రకారం, ఇటువంటి ప్రణాళికను ఆమోదించుటకు ముందు దాని ప్రభావాలను పరిశీలించి నివేదిక వెలువరించవలెను. గాలి, వెలుతురు, రాకపోకలు, పాత కట్టడాలు ఏమవుతాయో, కీడును తగ్గించే మార్గాలేవో, అసలు ఏమీ చేయక ఊరకుంటే ఏమవుతుందో అందులో చెప్పవలెను. చిత్తుప్రతిని ప్రజల ముందుంచి, వారి ఆక్షేపణలకు లిఖితపూర్వకంగా సమాధానమియ్యవలెను. ఈ ప్రణాళికపై చిత్తు నివేదిక 2011లో వెలువడగా, తుది నివేదిక 2012లో ధ్రువీకృతమైనది.

నీడను కొలుచుట ఎట్లు? ఒక చదరపు అడుగు నేలపై ఒక గంటసేపు పడే ఎండను ఒక ప్రమాణంగా తీసుకొంటారు. ఒక పార్కుకు ఏడాది పొడుగునా రాదగిన ఎండను ఆ లెక్కన కట్టి, కొత్త కట్టడం అందులో ఎన్నవ వంతు హరిస్తుందో తేలుస్తారు. డిసెంబరు చివర ఆ నగరంలో మధ్యాహ్న సూర్యుడు దిగంతానికి సుమారు 29 డిగ్రీల ఎత్తుననే ఉంటాడు. 1,070 అడుగుల గోపురం నీడ అప్పుడు 1,900 అడుగులు దాటుతుంది. ఉదయం ఇంకా దూరం పోతుంది. గాలినీ అట్లే కొలుస్తారు. నడిచేచోట గంటకు 11 మైళ్లు, కూర్చుండేచోట 7 మైళ్లు మించిన గాలి సుఖకరం కాదని ఆ నగరపు నిబంధన.

అయితే కొలత దేనిని లెక్కిస్తుందన్నదీ ముఖ్యమే. ఆనాటి సమీక్షలు కూడళ్ల వద్ద మోటారుకార్లకు కలిగే ఆలస్యాన్ని పర్యావరణ హానిగా ఎంచేవి. దూరపు శివార్లలో కట్టిన భవనం ఆ లెక్కలో నిర్దోషిగా కనిపించవచ్చును. స్టేషను పక్కన కట్టినది దోషి కావచ్చును. ఈ వైపరీత్యాన్ని సరిదిద్దుటకు 2013లో రాష్ట్రం చట్టం చేసినది. 2016నుండి శాన్‌ఫ్రాన్సిస్కో ఆలస్యానికి బదులు వాహనాలు తిరిగే మొత్తం దూరాన్ని కొలవసాగినది.

శాతాలలో ఇమడని విషయం ఒకటున్నది. నీడ సోకే పార్కులలో చైనాటౌన్ లోని పోర్ట్స్‌మత్ స్క్వేర్ ఒకటి. ఇరుకు గదులలో కాపురముండే ఆ పేటవారికి అదే చావడి, అదే పెరడు. వృద్ధులు చదరంగం, పేకాట ఆడుకొనుటకు, పసివారు పరుగెత్తుటకు తరతరాలుగా అదే చోటు. విశాలమైన ఇల్లున్నవానికి ఒక గంట ఎండ పోయినా పోయినట్లుండదు; ఒక్క గది ఉన్నవానికి అది దినములో మేలైన గంట.

ఆ పార్కుతో సహా కొన్నింటిపై నీడ, వాహన రద్దీ, పాత కట్టడాలకు హాని మొదలైనవి ఎంత ప్రయత్నించినా పూర్తిగా తప్పవని నివేదిక ఒప్పుకొన్నది. అయినను ప్రణాళిక ఆమోదం పొందినది. హానిని మించిన ప్రయోజనాలున్నవని కారణాలతో లిఖితపూర్వకంగా ప్రకటించినచో ముందుకు సాగుటకు చట్టమే వీలు కల్పించినది. స్టేషను చెంత జనం పనిచేస్తే కార్ల పయనాలు తగ్గునన్న వాదంలో బలం లేకపోలేదు. అదే ఏడాది పార్కుల నీడ హద్దులను పెంచినారు. 2013లో గోపుర స్థలాన్ని సుమారు 19 కోట్ల డాలర్లకు అమ్మినారు. 61 అంతస్తుల సేల్స్‌ఫోర్స్ టవర్ 2018లో పూర్తయినది. ఆ ఆగస్టులోనే, కప్పుపై 5.4 ఎకరాల ఉద్యానంతో కొత్త కేంద్రం తెరిచినారు. ఆరు వారాలకే రెండు ఉక్కు దూలాలలో పగుళ్లు కనిపించగా మూసివేసి, 2019 జూలైలో తిరిగి తెరిచినారు. భూగర్భంలో రైళ్ల కోసం కట్టిన చోటు మాత్రం ప్రారంభమునాడు ఖాళీగానే ఉన్నది.

ఆపలేని సమీక్ష ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. అది తీర్పు కాదు, లెక్క. నగరానికి రాబడి ఎంతో, దానికోసం ఏ పేటవారు ఎన్ని గంటల ఎండ వదులుకొన్నారో రెండూ ఒకే పద్దులో వ్రాసి పెట్టినది. వ్రాసియున్న లెక్కను తరువాతి తరం వారు తిరగవేయగలరు, బాకీ ఉన్నదని అడుగగలరు. వ్రాయని నష్టాన్ని అడిగే దారి లేదు.