సోయ ఎండితె ఆకుమీద కాదు, వేరుకాడ సూడుర్రి

చేన్ల సోయ మొక్కలు అక్కడక్కడ పండువారి, తలకాయ వాలేసి ఎండుతున్నయంటె మనోళ్లు ముందుగాల జేసే పని ఒక్కటే. ఫోన్ల ఫొటో దీసి మందుల దుకాణపాయనకు పంపుడు. ఆయన ఆకును జూసి మూడు డబ్బలు అంటగడ్తడు. పురుగు మందు ఒకటి, తెగులు మందు ఒకటి, బలం మందు ఇంకోటి. రోగం వేర్లల్ల ఉంటె ఆకుమీద కొట్టిన మందు ఏం జేస్తది? పైసలు పోతయ్, మొక్క బతకది.

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ నల్లరేగళ్లల్ల సోయ ఏసేటోళ్లకు వేరుకుళ్లు కొత్త కాదు. గని దాన్ని గుర్తువట్టుడు మనకు రావాలె. ఎండుతున్న మొక్కను మెల్లగ వేర్లతోని పీకుర్రి. మొదలుకాడ తెల్లటి దారాల లెక్క బూజు, దాంట్ల ఆవగింజలంత గోధుమరంగు గింజలు కనవడితె అది మొదలుకుళ్లు. స్క్లెరోషియం అనే శిలీంద్రం జేసే పని. వేరు మీది తోలు గోరుతోని గీకితె లోపల బొగ్గుపొడి సల్లినట్టు నల్లగ ఉంటె అది బొగ్గుకుళ్లు. దాని పేరు మాక్రోఫోమినా.

రెండింటి తీరు వేరు. మొదలుకుళ్లు తేమ ఎక్కువున్నకాడ, అరగని చెత్త మిగిలిన చేన్ల జోరు జేస్తది. బొగ్గుకుళ్లు వాన మొఖం సాటేసి ఎండ గొట్టినప్పుడు, పూతకాయ మీద మొక్కకు నీళ్లు సాలనప్పుడు బయటవడ్తది. అందుకే "మొన్నటిదాక మంచిగనే ఉండె, ఒక్కపారే ఎండింది" అంటరు. ఒక్కపారి ఎండుడు కాదు, రోగం అంతకుముందే వేర్లల్ల సొచ్చి కూసున్నది.

ఈ బొగ్గుకుళ్లు శిలీంద్రం 500 రకాల కంటె ఎక్కువ మొక్కల మీద బతుకుతది. మక్క, జొన్న, పత్తి, శనగ దేన్నీ ఇడువది. భూమిల ఏండ్ల తరబడి పండుకోని ఉంటది. సోయ కోసి అదే చేన్ల శనగ ఏస్తె దానికి మళ్ల తిండివెట్టినట్టే. పంట మార్చుడు మంచిదే, గని గదొక్కటే సాలది.

అందుకే మందు కంటె ముందు పని ముఖ్యం. ఎండకాలం లోతు దుక్కి దున్నాలె. రోగమొచ్చిన మొక్కల మోళ్లు ఏరి చేను బయట కాలవెట్టాలె. నీళ్లు నిలిచే రేగడిల బోదెలు దోలి, మధ్యల కాలువలు దియ్యాలె. వాన ఎక్కువైతె నీళ్లు కాలువలకెళ్లి పోతయ్, తక్కువైతె బోదెల తేమ ఆగుతది. భూమి మంచిగ తడిసినంకనే ఇత్తనం ఎయ్యాలె.

ఇత్తనం ఇంట్లదైనా, కొన్నదైనా 100 గింజలు తడి గోనెసంచిల సుట్టి సూడుర్రి. 70 మొలవకపోతె ఎయ్యకుర్రి. సోయ గింజ తోలు పల్చన, బస్తా ఎత్తేస్తె లోపల పలుగుతది. పలిగిన గింజకు కుళ్లు జల్ది అంటుకుంటది.

ఇత్తనశుద్ధి ఖర్సు తక్కువ, ఫలితం ఎక్కువ. కిలో ఇత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టియ్యాలె. ఎకరానికి 30 కిలోలైతె 300 గ్రాములు. లేకుంటె కిలోకు 3 గ్రాముల థైరమ్. రెండూ కలుపకుర్రి, రసాయనం ట్రైకోడెర్మాను సంపుతది. రైజోబియం అన్నిటికంటె ఆఖర్ల పట్టిచ్చి, నీడల ఆరవెట్టి ఎయ్యాలె. రోగం ఏటేటా వచ్చే చేనైతె 90 కిలోల మాగిన పెంట ఎరువు, 10 కిలోల యాపపిండిల 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, వారం పది దినాలు నీడల తేమ ఆరకుంట మాగవెట్టి ఎకరానికి సల్లుర్రి.

నిలవడ్డ పంటల రోగం కనవడితె లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి ఎండిన మొక్కలకాడ, సుట్టుముట్టు మొక్కల మొదళ్లు తడిసేటట్టు పొయ్యాలె. ఇది పాకకుంట ఆపతందుకే. సచ్చిన మొక్క తిరిగి రాదు, వస్తదని ఎవలన్న జెప్తె నమ్మకుర్రి.

ఇగ అసలు లెక్క. 2025-26ల సోయ మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. ఎకరానికి రెండు క్వింటాళ్లు తగ్గితె 10,656 రూపాయలు మట్టిల గలిసినట్టే. రాష్ట్రం 2020ల ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. రైతుబంధు పట్టాదారుకు వడ్డది, కౌలు రైతుకు వడలేదు. అంటె అప్పుడు వేరు కుళ్లితె నష్టం మొత్తం దున్నినోని మీదనే వడ్డది.

5,000 ఎకరాలకో ఏఈఓ అని పెట్టిండ్రు, రైతువేదికలు కట్టిండ్రు. ఆదిలాబాద్‌ల, జగిత్యాల పొలాసల వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానాలున్నయ్. అవి మన పైసలతోని నడిచేటియే. తమ్ముళ్లారా, సెల్లెండ్లారా, మీ బాపు దుకాణానికి పోకముందే పీకిన మొక్కను వేర్లతోని సంచిలేసుకోని రైతువేదికకు పోర్రి. ఏ రోగమో, ఏ మందో కాయితం మీద రాపిచ్చుకోర్రి. ఇత్తనం, మందు ఏది కొన్నా బిల్లు తీస్కోని దాసిపెట్టుర్రి. ఏఈఓ రాకపోతె ఊరంత గలిసి మండల వ్యవసాయ అధికారిని అడుగుర్రి. వచ్చే మిరుగం దాక ఆగకుర్రి, ఎండకాలం దుక్కికాన్నే మొదలువెట్టుర్రి.