ఏటి ఒడ్డా? సముద్రపు ఒడ్డా?

దీవిలో సెలవులనగానే మనవాళ్ళకు అండమానో, మాల్దీవులో గుర్తుకు వస్తాయి. మొగల్తూరు వారు అంత దూరం పరుగెత్తనక్కరలేదు. రెండు ప్రక్కల గౌతమి, వశిష్ఠ పాయలూ, మూడో ప్రక్క బంగాళాఖాతమూ చుట్టిన కోనసీమ దీవి కాక మరేమిటి?

బస ఎక్కడన్నదే ప్రశ్న. చించినాడ వంతెన దాటగానే, వశిష్ఠ ఒడ్డున, దిండి కొబ్బరితోటల్లో విడిది గృహాలున్నాయి. నరసాపురం రేవు దాటి సఖినేటిపల్లి మీదుగా వెళితే అంతర్వేది. స్వామి దర్శనమూ, సాగరసంగమమూ రెండూ దక్కుతాయి. ఇవతలి గట్టునే ఉండదలిస్తే మొగల్తూరు మండలంలోనే పేరుపాలెం తీరం. కార్తీకమాసపు ఆదివారాల్లో అక్కడ ఇసుక వేస్తే రాలదు.

పసిపిల్లలూ, పెద్దలూ ఉన్న కుటుంబానికి దిండియే మేలు. సముద్రాన్ని పగటిపూట చూసి రావచ్చు. వెనక్కు తీసే అల ఈతగాణ్ణయినా లాగేస్తుంది.

గది కుదుర్చుకునే ముందు ఫొటోలు చూసి మురిసిపోకండి. గది ఏటివైపా, రోడ్డువైపా? కరెంటు పోతే ఏర్పాటేమిటి? అన్నిటికన్నా ముఖ్యం, పడవలో ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఇస్తారా? 2019 సెప్టెంబరులో ఇదే గోదావరిలో, ఎగువన కచ్చులూరు వద్ద పడవ మునిగిన సంగతి మరువరాదు. ఇవ్వమంటే, గోదావరిని ఒడ్డునుంచే చూడండి. అందమేమీ తగ్గదు!