టియోబీ సూచిక

ప్రోగ్రామింగ్ భాషల ప్రాచుర్యమును గణించుటకై నెదర్లాండ్స్‌కు చెందిన టియోబీ సంస్థ 2001 నుండి ప్రతిమాసమును వెలువరించు పట్టికయే టియోబీ సూచిక. గూగుల్ మొదలగు శోధనయంత్రములలో భాషానామమునకు ‘ప్రోగ్రామింగ్’ అను మాటను చేర్చి వెదకినప్పుడు లభించు పుటల సంఖ్యయే దీనికి ఆధారము గావున, ఏ భాషలో ఎన్ని పంక్తులు వ్రాయబడుచున్నవో, ఏది ఉత్తమమో ఇది చెప్పజాలదు. సంస్థయు అట్లు చెప్పుకొనుట లేదు. అయినను ఉద్యోగార్థులు దీనినే ప్రమాణముగా గైకొనుట విచారకరము. సీ, జావా భాషలు రెండు దశాబ్దములు పంచుకొనిన అగ్రస్థానమును 2021 అక్టోబరులో పైథాన్ తొలిసారిగా అధిష్ఠించినది. 2008లో వెలసిన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తర వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో మాత్రము తన వార్షిక సర్వేలో ప్రోగ్రామర్లనే ప్రశ్నించును. ఈ పద్ధతియే నాకు మరింత విశ్వసనీయముగా తోచును. అందు అత్యధికులు వాడు భాషగా పెక్కేండ్లు నిలిచినది జావాస్క్రిప్టు. వాడినవారి అభిమానమును చూరగొనుటలో 2016 నుండి రస్ట్‌దే పైచేయి.