ఊరి మధ్యలో ఖాళీ సర్కారు స్థలం, ఊరి బయట పేదోడి ఇల్లు: ఈ లెక్క ఎవరు చూడాలి?

ఈరోజు ఎపిసోడ్ ఇళ్ల గురించి. అంటే విల్లాలు, గేటెడ్ కమ్యూనిటీలు కాదు. నెలకి పదిహేను, ఇరవై వేలతో ఇల్లు నడిపే కుటుంబాల ఇళ్ల గురించి.

నరసరావుపేట, మాచర్ల, గురజాల, మన పల్నాడులో ఏ టౌన్ అయినా తీసుకోండి. ఊళ్లో ఎక్కడో ఒకచోట పాత గవర్నమెంట్ క్వార్టర్లు ఉంటాయి. తలుపులు ఊడిపోయి, లోపల కంపచెట్లు మొలిచి ఉంటాయి. ఇంకో పక్క, ఊరు దాటి చాలా దూరం పోయాక పేదలకి ఇచ్చిన కాలనీ ఉంటుంది. ఆ ఖాళీ జాగాలోనే ఇళ్లు కట్టొచ్చు కదా అని మీకూ అనిపించి ఉంటుంది. అసలు కట్టొచ్చా? కట్టకపోవడానికి కారణం ఏంటి? అదే చూద్దాం.

ఇప్పటిదాకా ఏం చేశారు

మన రాష్ట్రంలో రెండు పద్ధతులు నడిచాయి.

మొదటిది అపార్ట్‌మెంట్ పద్ధతి. టిడ్కో ఇళ్లు అంటారు కదా, అవి. కేంద్రం 2015 జూన్‌లో పీఎం ఆవాస్ యోజన అర్బన్ మొదలుపెట్టింది. దాని కింద ఇంటికి లక్షన్నర కేంద్రం ఇచ్చేది. మిగతాది రాష్ట్రం, లబ్ధిదారుడి వాటా, బ్యాంకు లోన్. ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులు, ఇలా మూడు సైజులు. గ్రౌండ్ ప్లస్ మూడు అంతస్తులు. మన జిల్లాలో చిలకలూరిపేట, పిడుగురాళ్ల లాంటి చోట్ల ఇవి వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద చివరికి సుమారు 2.62 లక్షల ఇళ్ల దగ్గర లెక్క ఆగింది. ఇల్లు చేతికి రాకముందే కిస్తీ కట్టమని బ్యాంకు నోటీసులు వచ్చిన కుటుంబాల గురించి పేపర్లలో చదివే ఉంటారు.

రెండోది స్థలం పద్ధతి. 2020 డిసెంబర్ 25న మొదలైన కార్యక్రమంలో 30 లక్షలకి పైగా ఇళ్ల పట్టాలు ఇచ్చారు. టౌన్‌లో సెంటు, పల్లెలో సెంటున్నర. ఇప్పుడున్న ప్రభుత్వం టౌన్‌లో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు అంటోంది.

పార్టీ ఏదైనా ఒకటి మాత్రం కామన్. ఎక్కువ చోట్ల స్థలం ఊరి బయటే. ఎందుకంటే అక్కడ ఎకరం చవక.

చవక ఎవరికి?

ఇక్కడే కాస్త క్యాలిక్యులేటర్ తీయాలి. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి, సర్కారు రేట్లు కావు.

షేర్ ఆటోకి మనిషికి 20 రూపాయలు అనుకుందాం. ఇంట్లో ఇద్దరు పనికి వెళ్తారు. రానూపోనూ, నెలకి 25 రోజులు. మొత్తం 2,000. ఇప్పుడు 3 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు వేసి చూడండి. ఈఎంఐ సుమారు 2,600 వస్తుంది. అంటే ఊరి బయట ఇల్లు తీసుకున్న కుటుంబం నెలనెలా దాదాపు రెండో ఈఎంఐ కడుతోంది, బ్యాంకుకి కాదు, ఆటోకి. పైగా ఆ డబ్బుతో ఆస్తి ఏమీ రాదు.

ఇది ఒక్క డబ్బుతో పోయేది కాదు. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పని తెల్లారకముందే మొదలవుతుంది. మిర్చి, పత్తి సీజన్లో పొద్దున్నే అడ్డా మీద ఉంటేనే ఆరోజు కూలి. ఆడపిల్ల ఇంటర్ కాలేజీకి రెండు ఆటోలు మారాలంటే, చాలా ఇళ్లలో ముందు ఆగిపోయేది ఆ పిల్ల చదువే. అందుకే పట్టా తీసుకుని కూడా కొందరు ఊళ్లో అద్దెకే ఉంటున్నారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లు లెక్క సరిగ్గానే వేసుకున్నారు.

ఎకరంలో ఎంతమంది?

ఇప్పుడు రెండో లెక్క. ఊరి మధ్యలో ఒక ఎకరం సర్కారు భూమి ఉంది. ఎకరం అంటే 100 సెంట్లు, 43,560 చదరపు అడుగులు.

ప్లాట్లు వేస్తే రోడ్లకి, కాలువలకి 40 సెంట్లు పోతాయి అనుకుందాం. మిగిలిన 60 సెంట్లలో రెండేసి సెంట్లు ఇస్తే 30 కుటుంబాలు.

అదే నాలుగు అంతస్తులు కడితే? స్థలంలో మూడో వంతులోనే బిల్డింగ్ పెట్టండి, 14,520 అడుగులు. నాలుగు అంతస్తులకి 58,080. మెట్లు, గోడలు, వరండాలకి 20 శాతం తీసేస్తే సుమారు 46,460. 430 అడుగుల ఇళ్లు 108 వస్తాయి. మూడింట రెండు వంతుల నేల చెట్లకి, పిల్లలు ఆడుకోడానికి మిగులుతుంది.

ఎకరం కోటి ఉన్నా, కుటుంబానికి పడే భూమి ఖరీదు లక్ష కూడా దాటదు. ప్లాట్ల పద్ధతిలో అయితే మూడు లక్షల పైమాట. పైగా ఆ భూమి ఇప్పటికే సర్కారుది, కొనక్కర్లేదు. సర్వర్ కొని స్విచ్ ఆఫ్ చేసి మూలన పెట్టి, బయట సర్వర్‌కి నెలనెలా అద్దె కట్టే కంపెనీ ఉంటే మనం ఏమంటాం?

ఇది ఎక్కడైనా జరిగిందా?

జరిగింది. సికింద్రాబాద్ బోయిగూడలో ఐడీహెచ్ కాలనీ ఉంది. పాత ఇళ్లు తీసేసి, అదే చోట 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2015 నవంబర్‌లో అక్కడి వాళ్లకే ఇచ్చారు. పనికి వెళ్లే దారి మారలేదు, పిల్లల బడి మారలేదు. అదే స్కీమ్‌లో తర్వాత సిటీ బయట కొల్లూరులో 15,660 ఇళ్లు కట్టారు, 2023 జూన్‌లో ఓపెన్ చేశారు. ఇళ్లు బాగున్నాయి, కానీ సిటీ మధ్యలో పనిచేసే మనిషికి రోజూ ప్రయాణం మాత్రం తప్పదు. పథకం ఒకటే, తేడా అంతా స్థలంలో ఉంది.

సింగపూర్‌లో 1961 మే 25న బుకిట్ హో స్వీ అనే బస్తీ కాలిపోయింది. సుమారు 16 వేల మంది రోడ్డున పడ్డారు. అంతకు ముందు ఏడాదే పెట్టిన హౌసింగ్ బోర్డు, ఏడాది తిరక్కముందే అక్కడే కొత్త ఫ్లాట్లు లేపింది. వియన్నాలో నగరపాలక సంస్థ ఈరోజుకీ సుమారు 2 లక్షల 20 వేల ఫ్లాట్లకి ఓనర్. అమ్మదు, అద్దెకి ఇస్తుంది. అందుకే వందేళ్ల కింద కట్టిన ఇల్లు కూడా ఇంకా సామాన్యుడికే పనికొస్తోంది. మన దగ్గర ఇచ్చిన ఇల్లు చేతులు మారి బయటివాళ్ల పాలైతే, ఆ భూమి మళ్లీ ఎప్పటికీ రాదు.

మరి ఇక్కడ అడ్డం ఏంటి?

సర్కారు భూమి అంటే ఒక్కరిది కాదు. ఇదే అసలు చిక్కు. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. ఆ పనుల కోసం విజయపురి సౌత్ నుంచి నరసరావుపేట పక్కన లింగంగుంట్ల దాకా స్టాఫ్ కాలనీలు వచ్చాయి. అవి ఇరిగేషన్ శాఖవి. ఇంకో ముక్క ఆర్ అండ్ బీది, ఇంకోటి రెవెన్యూది. మున్సిపాలిటీ తనంతట తాను అందులో ఇటుక కూడా పెట్టలేదు. కౌన్సిల్ తీర్మానం చేయాలి, ఫైలు తహశీల్దార్, కలెక్టర్ దాటి పైకి వెళ్లాలి, ఆ శాఖ ఒప్పుకోవాలి. వాడకపోయినా వదులుకోడానికి ఏ శాఖకీ మనసు రాదు.

ఇంకో మాట కూడా నిజమే. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చాక ఆఫీసులకీ స్థలం కావాలి. రేపు బడి, ఆసుపత్రి కట్టాలంటే? అందుకే ఖాళీ అంతా ఇళ్లకే ఇచ్చేయమని నేను అనట్లేదు. ముందు ఏది ఎంత ఉందో, ఏది దేనికో తేల్చి జనం ముందు పెట్టమంటున్నాను.

ముట్టుకోకూడనివీ ఉన్నాయి. చెరువు, కుంట, వాగు పోరంబోకు ఖాళీగా కనిపిస్తుంది కానీ వానొస్తే అది నీళ్లది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. గుడి మాన్యాలు, వక్ఫ్ భూములు సర్కారువి కావు. ఇక ఆ జాగాలో ఇప్పటికే గుడిసెలు ఉంటే, మొదటి ఇల్లు వాళ్లకే రావాలి, ఐడీహెచ్ కాలనీలో లాగా.

మీ చేతిలో ఫోన్ ఉంది

మూడు పనులు చేయొచ్చు. ఒకటి, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది, 22-ఏ అంటారు. మీ మండలం, ఊరు ఎంచుకుంటే సర్వే నంబర్లు వస్తాయి. మీభూమి సైట్‌లో అడంగల్ చూడొచ్చు. రెండు, మీ మున్సిపాలిటీకి ఆర్‌టీఐ పెట్టండి: మా ఊరి హద్దుల్లో వాడకుండా ఉన్న ప్రభుత్వ స్థలాలు ఎన్ని, ఏ శాఖవి, ఎంత విస్తీర్ణం? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు, ఆ కాగితంతో సోమవారం కలెక్టరేట్ అర్జీల కార్యక్రమానికి వెళ్లండి, లేదా మీ వార్డు కౌన్సిలర్ని కలవండి. "మాకు ఇల్లు ఇవ్వండి" అంటే లిస్టులో ఒక పేరు పెరుగుతుంది. "ఈ సర్వే నంబర్‌లో ఇంత స్థలం ఉంది, వంద ఇళ్లు పడతాయి, తీర్మానం పెట్టండి" అంటే వాళ్లు అవునో కాదో చెప్పాల్సి వస్తుంది.

2024లో పీఎం ఆవాస్ అర్బన్ రెండో విడత మొదలైంది, దేశంలో కోటి కుటుంబాలు లక్ష్యం. కేంద్రం వాటా అందులో ఉంది. ఇల్లు ఊళ్లో రావాలా, ఊరి బయట రావాలా అన్నది మాత్రం ఢిల్లీలో తేలదు. ఇక్కడే, మన కౌన్సిల్ హాల్లో, మన కలెక్టరేట్‌లో తేలుతుంది.

మీ ఊళ్లో అలాంటి స్థలం ఉంటే ఏ ఊరో, ఏ శాఖదో కామెంట్‌లో రాయండి. ఆర్‌టీఐ జవాబు వస్తే అదీ పెట్టండి, అందరం కలిపి చూద్దాం. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.