ట్రాక్టరు వెనుక పనిముట్టు మార్చునపుడు చేయవలసిన సవరణలు

ఎద్దుల నాగలి కట్టు రైతు, ఏడికోలను కాడికి బిగించు తావును ముందునకో వెనుకకో జరిపి కర్రు దిగు లోతును సరిచూచుకొనెడివాడు. నేల మారిన కట్టు మార్చెడివాడు. ఎద్దుల జత మారినను కట్టు మార్చెడివాడు. ఈ విద్య అతనికి బడిలో నేర్పినది కాదు, చేతివాటముగా వచ్చినది. నేడు అదే రైతు ట్రాక్టరు వెనుక కల్టివేటరు విప్పి రోటవేటరు తగిలించునపుడు, మూడు పిన్నులు దూర్చినంతనే పని ముగిసినదని తలచి పొలములోనికి పోవుచున్నాడు. నిన్నటి పనిముట్టునకు కుదిరిన కొలత నేటి దానికి కుదరదు. కుదరని కొలతతో నడిపినచో డీజిలు వృథా, దుక్కి హెచ్చుతగ్గు, ఇనుము అరుగుదల. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు. కావున ఈ విషయమును సభ్యులకు విశదపరుప నెంచితిమి.

మూడు కొనల కూర్పు

ట్రాక్టరు వెనుక క్రింద రెండు లింకులును, పైన ఒక లింకును గలవు. ఐర్లండు దేశీయుడగు హ్యారీ ఫెర్గూసను ఈ కూర్పునకు 1926లో పేటెంటు పొందెను. 1939లో వచ్చిన ఫోర్డు-ఫెర్గూసను ట్రాక్టరు మూలమున ఇది లోకమునకు పరిచితమైనది. అంతకు పూర్వము నాగలిని బండివలె వెనుక ఈడ్చుకొని పోయెడివారు. కర్రు రాతికో వేరునకో తగిలి నిలిచిపోయినచో, ట్రాక్టరు ముందు చక్రములు పైకి లేచి యంత్రము వెనుకకు తిరుగబడుచుండెను. ఆ యపాయమును తగ్గించిన కూర్పు ఇది. అయినను కొలతలు సరిచూడనివానికి దీని మేలు పూర్తిగా దక్కదు.

తగిలించు క్రమము

పనిముట్టును చదునైన గట్టినేలపై నుంచి, ట్రాక్టరును తిన్నగా వెనుకకు తేవలెను. ఆ సమయమున ట్రాక్టరునకు పనిముట్టునకు నడుమ ఎవ్వరును, ముఖ్యముగా పిల్లలు, నిలువరాదు. ఇంజను ఆపి, బ్రేకు బిగించిన పిదపనే దిగవలెను. మొదట ఎడమ క్రింది లింకు, తరువాత కుడి క్రింది లింకు, తుదకు పై లింకు తగిలింపవలెను. కుడివైపు లిఫ్టు రాడ్డునకు త్రిప్పు పిడి యుండుటచే, ఎడమవైపు తగిలిన తరువాత కుడి లింకును ఎత్తి దించి రంధ్రమునకు సరిపుచ్చుట సులభము. విప్పునపుడు ముందు పై లింకు, తరువాత కుడి, తుదకు ఎడమ.

పిన్నుల లావు గమనింపుడు. మొదటి తరగతి పనిముట్లకు పై పిన్ను సుమారు 19 మిల్లీమీటర్లు, క్రింది పిన్నులు 22. రెండవ తరగతి వానికి సుమారు 25, 28. పెద్ద రంధ్రములో సన్న పిన్ను వేసి నడిపినచో రెండును అరిగిపోవును. అట్టిచోట తగిన బుష్షు వేయవలెను. లించి పిన్నునకు మారుగా మేకులు, తీగ ముక్కలు వాడుట మానవలెను.

ఒక్కొక్క పనిముట్టునకు ఒక్కొక్క కొలత

రెక్క నాగలి: దున్నునపుడు ట్రాక్టరు కుడి చక్రములు చాలులో నడచును గనుక యంత్రము కుడివైపునకు ఒరగును. నాగలి మాత్రము ఒరుగరాదు. కావున కుడి లిఫ్టు రాడ్డును పొట్టిచేసి నాగలిని సమముగా నిలుపవలెను. పై లింకు పొట్టిచేసినచో కర్రుమొన నేలలోనికి వాలి ఎక్కువగా దిగును. పొడుగుచేసినచో మొన తేలును. నాగలి నేలలో నున్నపుడు ప్రక్క గొలుసులు కొంత వదులుగా నుండవలెను.

కల్టివేటరు: రెండు చక్రములును సమనేలపై నడచును గనుక, నాగలికై మార్చిన కుడి రాడ్డును తిరిగి ఎడమదానితో సమానము చేయవలెను. దీనిని మరచువారు పెక్కుమంది. ముందు వరుస గొర్రులును వెనుక వరుస గొర్రులును ఒకే లోతున దిగునట్లు పై లింకును త్రిప్పవలెను. ప్రక్క గొలుసులు బిగించి ఊపు తగ్గింపవలెను.

రోటవేటరు: దీనికి కొలత మరింత ముఖ్యము. పని చేయునపుడు రోటవేటరు ఇరుసు కొన, ట్రాక్టరు పి.టి.ఓ. కొనకు సమాంతరముగా నుండునట్లు పై లింకును సరిచేయవలెను. నడుమ షాఫ్టు రెండు కొనల యోకులు ఒకే వరుసలో నుండవలెను. పనిముట్టును మెల్లగా పైకెత్తి, క్రిందికి దించి, షాఫ్టు ఎచ్చటను ఒరయకుండుటయు, ఊడిపోకుండుటయు ఇంజను ఆపి చూడవలెను. లోతును ప్రక్కనున్న స్కిడ్లతో నిర్ణయించి, పొజిషను లీవరుతో నడుపవలెను. నాగలికి, కల్టివేటరునకు డ్రాఫ్టు లీవరు తగును. గట్టు చివర మలుపులో రోటవేటరును ఎక్కువ ఎత్తునకు లేపునపుడు పి.టి.ఓ. ఆపుట మంచిది, లేనిచో షాఫ్టు కీళ్లు చెడును.

మరువరాని హెచ్చరికలు

పి.టి.ఓ. షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకండునకు 9 చుట్లు తిరుగును. పంచె కొంగుగాని, చీర చెరగుగాని, తువాలుగాని చిక్కినచో మనిషి చేయి వెనుకకు తీసుకొను వ్యవధి యుండదు. షాఫ్టుపై కవచము లేనిదే పని ప్రారంభింపరాదు. పైకెత్తిన పనిముట్టు క్రింద దూరి పిన్ను బిగింపరాదు. ఏలయన హైడ్రాలికు ఎప్పుడైనను జారవచ్చును.

దమ్ములో ట్రాక్టరు దిగబడినపుడు పై లింకు కొక్కెమునకు త్రాడు కట్టి ఏదేని లాగించుట మిక్కిలి ప్రమాదకరము. లాగుడు ఎత్తున పడిన కొలది ముందు చక్రములు లేచి ట్రాక్టరు నడుపువానిమీదనే తిరుగబడును. లాగుడు ఎల్లప్పుడు క్రింది డ్రాబారుననే యుండవలెను.

సంఘపు యంత్రముల సంగతి

సొంత ట్రాక్టరు గల రైతు తన కొలత తానెరుగును. సంఘము అద్దెకిచ్చు పనిముట్టు మాత్రము ఒకరి చేతినుండి వేరొకరి చేతికి పోవును. ముందటివాడు ఉంచిన కొలతే తరువాతివాని పొలమునకు పోవును. దీనికొక సులభోపాయము గలదు. ప్రతి పనిముట్టు సరిగా కుదిరినపుడు పై లింకు పొడవును పిన్నునుండి పిన్నునకు కొలిచి, అది ఏ రంధ్రమున తగిలినదియు, కుడి లిఫ్టు రాడ్డు పొడవును ఆ పనిముట్టు మీదనే రంగుతో వ్రాయింపవలెను. పిమ్మట తీసికొనిపోవువాడు మొదట ఆ కొలతకు తెచ్చి, పొలములో పది గజములు నడిపి, దిగి చూచి, నేలను బట్టి స్వల్పముగా సవరించుకొనవచ్చును.

ఇందులకు పట్టునది కొద్ది నిమిషములే. ఎద్దుల కట్టును సరిచూచుటకు ఓపిక పట్టిన మన రైతునకు ఈ మాత్రపు ఓపిక భారము కాదు. వచ్చు దుక్కుల కాలమునకు ముందే సభ్యులు తమ పనిముట్లపై ఈ గురుతులు వ్రాయించుకొందురని ఆశించుచున్నాము.