ముక్కులోని ముఠా మేస్త్రులు

జగ్గయ్యపేటలో ఎనిమిదో తరగతికి నాడీవ్యవస్థ పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "మాస్టారూ, బల్లికి తోక తెగితే మళ్లీ వస్తుంది కదండీ. తాటిచెట్టు మీంచి పడ్డ మా బాబాయికి కాళ్లెందుకు కదలవు?" ఆ పూటకి నాకు జవాబు తోచలేదు. తర్వాత వెతికితే ముక్కులో దొరికింది.

2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగినప్పుడు చూశాం కదా. బస్సులకేమీ కాలేదు, డ్రైవర్లున్నారు, డీజిలుంది. దారే లేదు. వెన్నుపాము తెగినా అంతే. పైన మెదడు హుకుం జారీ చేస్తూనే ఉంటుంది, కింద కాలి కండరాలు కాచుకునే ఉంటాయి. నడుమ తెగినచోట మచ్చ కట్టి, కొత్త నాడీ తీగను ముందుకు పోనివ్వదు.

మరి వాసన సంగతేమిటి? ముక్కు పైభాగంలో వాసన పట్టే నాడీకణాలు చచ్చిపోతుంటాయి, వాటి చోట కొత్తవి పుడుతుంటాయి. మనిషి బతికినన్నాళ్లూ ఇదే తంతు. పుట్టిన ప్రతి కణమూ జల్లెడలాంటి ఎముక కన్నాల్లోంచి తన తీగను మెదడులోకి పంపాలి. బయటి నుంచి వచ్చే తీగలకు మెదడు గుమ్మం తెరవదు. వీటికి మాత్రం తెరుస్తుంది! ఆ కిటుకును లండన్ శాస్త్రవేత్త జెఫ్రీ రైస్‌మన్ 1985లో పట్టుకున్నాడు. ఆ తీగల కట్టలను ఒక రకం కణాలు తొడుగులా చుట్టుకుని ఉంటాయి. గుమ్మం దగ్గర అడ్డుగా అల్లుకున్న ఆస్ట్రోసైట్లనే కణాలను అవి పక్కకు జరిపి, కొత్త తీగను లోపలికి నడిపిస్తాయి. సందేశాలు మోసే పని వాటిది కాదు. బస్తా ఎత్తకుండా దారి చూపే ముఠా మేస్త్రులన్నమాట. నాకు నచ్చిందీ అదే.

ఈ మేస్త్రులను వెన్నులో దింపితే? 1997లో రైస్‌మన్ బృందం ఎలుకల్లో దింపింది. తిండి అందుకోలేని ముందుకాలు మళ్లీ అందుకుంది.

ఆ తర్వాత మనుషుల్లో చేసి చూడ్డానికి పోటీ. లిస్బన్‌లో కార్లోస్ లిమా ముక్కుపొరనే ముక్కలుగా తెచ్చి వెన్నులో పెట్టాడు. బ్రిస్బేన్‌లో అలన్ మెకే-సిమ్ కణాలను వేరుచేసి, పెంచి, ముగ్గురికి ఎక్కించాడు. హాని జరగలేదు, నడకా రాలేదు. తొందరపడకపోవడమే మంచిదని తర్వాత తేలింది: పొరను పెట్టించుకున్న ఒకామెకు ఎనిమిదేళ్లకు వెన్నులో చీమిడి ఊరే గడ్డ పెరిగింది.

పోలండ్‌లో పావెల్ తబకోవ్, రైస్‌మన్‌తో కలిసి ఇంకో దారి పట్టాడు. 2010లో కత్తిపోట్లకు వెన్ను తెగిన దారెక్ ఫిదికా మెదడు నుంచి వాసన తీగలు చేరే ఒక ఘ్రాణగోళాన్ని తీసి, అందులోని మేస్త్రి కణాలను పెంచి, 2012లో గాయానికి పైనా కిందా సన్నని సూదితో ఎక్కించాడు. తెగిన 8 మిల్లీమీటర్ల ఖాళీకి చీలమండ దగ్గరి నరం ముక్కలను వంతెనగా వేశాడు. నెలల తరబడి కఠినమైన వ్యాయామం చేశాక ఫిదికా వాకర్ పట్టుకుని అడుగులేశాడు. అయితే అతను ఒక్కడే. ఒక్కడితో వైద్యం రుజువు కాదు. అందుకే ఏవో కణాల ఇంజక్షన్‌తో నడిపిస్తామని డబ్బడిగేవాళ్లను నమ్మకండి.

అందాకా జాగ్రత్తే దిక్కు. మా కుర్రాడి బాబాయిని నలుగురూ ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారట. చెట్టు మీంచి పడ్డ మనిషిని లేపకండి, కూర్చోబెట్టకండి. తల, మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి.